వంటింటి గోడ, ఒంటి తుమ్ము

మా వంటింటి తూర్పు గోడ పడగొట్టి, కొత్తది కట్టకుండానే వెళ్ళిపోతానని చెప్పడానికి ఒక కాంట్రాక్టరు మా ఇంటికి వచ్చాడు. ఆ మేరకు రాసుకొచ్చిన కాగితం మీద సంతకాలు పెట్టడానికి అతని దగ్గర పెన్ను లేదు. నా పెన్ను తీసి ఇచ్చాను. నేను సంతకం పెట్టాను, అతనూ పెట్టాడు, పెన్ను తన చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెనక్కి అడగడానికి నాకు మొహమాటం వేసింది.

ఇంతకంటే తెలివితక్కువ పని నా జీవితంలో మరొకటి చేయలేదని చెప్పలేను గానీ, ఇంత పొందికగా చేసింది మాత్రం మరొకటి లేదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్ళ సామెత ఒకటుంది. మర్యాదస్తులు చదివే చోట అది రాయకూడదు. నా విషయంలో మాత్రం గోడ పోయింది, గోడు మిగిలింది.

ఇది ఎనభైల మొదట్లో, మిషిగన్‌లో, ట్రాయ్ అనే ఊళ్ళో జరిగింది. నేనప్పుడు కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో ఇంజనీరుని. అద్దాల మీద వాన తుడిచే వైపర్లు మా విభాగం. పగలంతా ఊళ్ళో వాళ్ళందరి కళ్ళ ముందు నీళ్ళు తుడిచి, సాయంత్రం ఇంటికొచ్చి మా ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూసే యోగం ఆ ఏడాది పట్టింది.

కారణం వంటిల్లు. మేము కొన్న ఇంట్లో వంటిల్లు అగ్గిపెట్టెంత ఉండేది. పొయ్యి మీద ఉన్న ఫ్యాను పొగని బయటికి పంపేది కాదు, కాసేపు తన దగ్గర ఉంచుకుని మళ్ళీ మాకే ఇచ్చేది. పోపు వేసినప్పుడల్లా గోడకున్న పొగ అలారం మోగి, ఇవాళ మా ఇంట్లో చారు అని వీధి వీధికీ చాటేది. వీటన్నిటినీ మా ఆవిడ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒక్కటే. ఆ పొయ్యి దగ్గర నిలబడితే మొహం పడమరకి ఉంటుంది.

పడమర చూస్తూ వండితే ఏమవుతుందని అడిగాను, ఇంజనీరుని కదా.

“రెండేళ్ళుగా వండుతున్నాను. మీకు ప్రమోషన్ వచ్చిందా?” అంది.

ఆ తరవాత నేను దిక్కుల గురించి మాట్లాడలేదు. తూర్పు గోడ పడగొట్టి, వంటింటిని వెనక వరండాలోకి జరిపి, కొత్త గోడకి ఒక కిటికీ, పొగని నిజంగా బయటికి పంపే ఫ్యానూ పెట్టించి, ఆ గోడకి ఆనించి పొయ్యి పెట్టాలని తీర్మానమైంది. నా ఆఫీసులో ఒకాయన ఇంటికి పని చేసిన కాంట్రాక్టరుని పిలిచాను.

ఎర్రజుట్టు, ఎర్రమీసం, తలుపు నిండా మనిషి. అప్పటిదాకా అతను చూసిన ఇండియన్లందరూ డాక్టర్లేనట. నేను డాక్టర్ని కాదు, ఇంజనీరుని అన్నాను. “ఓకే డాక్టర్” అన్నాడు. ఇల్లు ఇద్దరి పేరా ఉంది కాబట్టి కాంట్రాక్టు మీద మా ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకున్నాడు. నేను చదవకుండా పెట్టాను. మా ఆవిడ చదివి పెట్టింది. ఈ తేడా మా సంసారంలో చాలా చోట్ల కనిపిస్తుంది.

పని మొదలుపెట్టడానికి మా ఆవిడ ముహూర్తం చూసింది. తెల్లవారుతుండగా అతన్ని రప్పించి, చేతిలో కొబ్బరికాయ పెట్టి, గోడ ముందు కొట్టమంది. ఎందుకని అడిగాడు. మంచి ఘడియలో మొదలుపెట్టింది మంచి ఘడియలోనే ముగుస్తుందని తనకి వచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. అతను టోపీ తీశాడు. వాళ్ళ నాయనమ్మ కూడా శుక్రవారం నాడు ఎవరినీ ఏ పనీ మొదలుపెట్టనిచ్చేది కాదట. సుత్తితో ఒక్క దెబ్బకి కొబ్బరికాయ రెండు చెక్కలు చేశాడు. ఆ పొద్దున వాళ్ళిద్దరిదీ ఒకే మతమైంది. నేను ఒంటరిగా మిగిలాను.

అదే ఊపులో మధ్యాహ్నానికి గోడ కూల్చేశాడు. కూల్చడంలో అతని ఉత్సాహం చూస్తే కట్టడంలో ఎలా ఉంటుందో అని మురిసిపోయాను. గోడ ఉన్న చోట మందపాటి ప్లాస్టిక్ షీటు కొట్టి వెళ్ళాడు. మర్నాడు కొంచెం ఆలస్యంగా వచ్చాడు. ఆ మర్నాడు ఇంకొంచెం ఆలస్యంగా. తరవాత రోజు విడిచి రోజు. చివరికి అతని ట్రక్కు మా వీధిలో కనిపిస్తే పండగలా ఉండేది.

అసలు సంగతి పడవ. అతను ఏటా చలికాలం ఫ్లోరిడా పోయి చేపలు పడతాడు. ఆ ఏడు అక్కడ అతని బావమరిది కొత్త పడవ కొన్నాడు. పడవ ఫోటో మా ఇద్దరికీ చూపించాడు. పెళ్ళిచూపుల ఫోటో కూడా అంత జాగ్రత్తగా చూపించరెవరూ.

ఈలోగా మా కాపురం బేస్‌మెంట్‌లోకి దిగింది. బట్టలుతికే మిషన్ పక్కన ఒక చిన్న కరెంటు పొయ్యి. ఇటు మిషన్‌లో నా చొక్కాలు తిరుగుతుంటే అటు మూకుట్లో ఇంగువ వేగేది. ఆఫీసుకి నాతో కారులో వచ్చే ఆయన ఒకరోజు గజగజ వణికే చలిలో కిటికీ అద్దం దించి, నీ ఒంట్లో బాగుందా అని సౌమ్యంగా అడిగాడు. పైన ప్లాస్టిక్ షీటు గాలికి ఉబ్బుతూ, కుంగుతూ, భోంచేసి పడుకున్న మనిషి పొట్టలా ఊపిరి తీసేది. అక్టోబరు అయిపోవస్తోంది. మంచు పడితే ఆ షీటు ఆగదు.

పెన్ను పోయింది ఆ రోజుల్లోనే. మా ఆవిడ సరుకులకి వెళ్ళిన సమయం చూసి వచ్చాడు.

“డాక్టర్, ఒక మాట చెబితే ఏమీ అనుకోరుగా?” అన్నాడు.

ఏమీ అనుకోనన్నాను. నా జీవితంలో సగం నష్టాలు ఈ ఒక్క మాట వల్లే వచ్చాయి.

తను వెంటనే ఫ్లోరిడా వెళ్ళాలన్నాడు. ఒకరి మీద ఒకరికి పట్టింపులు లేకుండా కాంట్రాక్టు వదిలేసుకుందామన్నాడు. నేను వేరే వాళ్ళని పెట్టుకోవచ్చట, లేదంటే వసంతంలో తనే వస్తాడట. “అప్పటిదాకా ఈ ప్లాస్టిక్ ఉంటుంది. చాలా గట్టిది, పట్టుకు చూడండి” అన్నాడు. నేను పట్టుకు చూశాను. బట్టల కొట్లో పంచె నాణ్యం చూసినట్టు రెండు వేళ్ళతో నలిపి, బాగుందన్నాను. ఆ తరవాత ఏం జరిగిందో మొదట్లోనే చెప్పాను.

గుమ్మం దాకా వెళ్ళి కాగితం చూసుకుని ఆగాడు. కాంట్రాక్టు మీద మ్యామ్ సంతకం కూడా ఉంది కాబట్టి దీని మీదా ఉండాలి, రేపు వస్తానన్నాడు. మా ఆవిడ వచ్చాక సంగతి చెప్పాను. తిట్టలేదు. తిట్టకపోతేనే నాకు భయం.

“గోడకి చెప్పుకుందామన్నా గోడ లేకుండా చేశారు” అని మాత్రం అంది. తరవాత మంచు ఎప్పుడు పడుతుందని అడిగింది. ఏ రోజైనా పడొచ్చన్నాను. అతను రోజూ వస్తే గోడ ఎన్నాళ్ళలో అవుతుందని అడిగింది. రెండు వారాలకి మించదన్నాను.

“అయితే నేను సంతకం పెట్టనని చెప్పకండి. పెడతానని చెప్పండి. భోజనం వేళకి రమ్మనండి.”

మర్నాడు ఆదివారం. అతను కాగితం పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగేసరికి మిషన్ మీద అరిటాకు బొమ్మల గుడ్డ పరిచి, పులిహోర, గారెలు సిద్ధంగా ఉన్నాయి. కాగితం తీయబోయాడు. తినే చోట కాగితాలు తీయకూడదు, తినమంది. తిన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి గానీ ఆగలేదు. చేయి కడుక్కుని మళ్ళీ కాగితం తీశాడు. ఆవిడ గోడకున్న తెలుగు క్యాలెండరు దగ్గరకి వెళ్ళి, వేలు పెట్టి చూసి, నాలిక కరుచుకుంది.

“ఇవాళ అమావాస్య. నో మూన్. మంచి ఘడియలో మొదలైన దాన్ని అమావాస్య నాడు వదలకూడదు.”

అతను నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను. ముందు రాత్రి వెన్నెల్లో ఆ ప్లాస్టిక్ షీటు గుండా పెరడంతా తెల్లగా కనిపించింది.

“మ్యామ్, నేను చేపలు పట్టేవాణ్ణి. చంద్రుడి సంగతి నాకు తెలుసు. రాత్రి ఇంత ఉన్నాడు” అని పళ్ళెంలో మిగిలిన గారె ఎత్తి చూపించాడు. అందులో చిల్లు తప్ప మిగతా అంతా నిజం.

“అది ఇక్కడి చంద్రుడు. ఇది మా ఊరి లెక్క” అంది ఆవిడ, కనురెప్ప వేయకుండా.

అతను ఆలోచించాడు. “టైమ్ డిఫరెన్సా?” అన్నాడు.

“అదే.”

“ఎన్ని గంటలు డాక్టర్?”

“పదిన్నర” అన్నాను. సైన్సు చదువుకున్నవాడిగా నేను ఆ రోజు చెప్పిన ఒకే ఒక నిజం అది. అది కూడా ఒక అబద్ధానికి దన్నుగా నిలబడింది.

ఒకరింట్లో కడుపునిండా తిని, ఊరికే లేచిపోవడానికి అతనికి మనసొప్పలేదు. ఎలాగూ వచ్చాను కదా అని పైకెళ్ళి గోడకి చట్రం నిలబెట్టి పోయాడు. నాకు తెలియదు గానీ, మా ఆవిడ కిటుకు కనిపెట్టింది అప్పుడే.

తరవాత అతను వచ్చింది మంగళవారం. మంగళవారం ఏ తెలుగు ఇంట్లోనూ సంతకాలు పెట్టరు. సాంబారు తిని, మేమడగకుండానే కిటికీ బిగించాడు. గురువారం మధ్యాహ్నం వచ్చాడు, రాహుకాలం. పెరుగావడలు తిని, చలి ఆగడానికి గోడ లోపల గాజుపీచు కూరాడు. ఇంకోరోజు వర్జ్యం. అది ఎంతసేపుంటుందో ఆవిడకీ తెలియదు, అతనికీ తెలియదు. పూర్ణాలు అయిపోయేదాకా ఉంది. ప్రతిసారీ అతను కాగితం పట్టుకుని రావడం, ఘడియ బాగాలేకపోవడం, తినడం, తిన్న కృతజ్ఞతకి ఒక గంటో రెండు గంటలో సుత్తి పట్టుకోవడం. ఇంటి పని మీద అతనికి మళ్ళీ ఇష్టం పుట్టిందని నేను నమ్మాను.

“చూశావా, మనసు మారింది” అన్నాను మా ఆవిడతో.

“మారింది మనసు కాదు, మెనూ” అంది.

అతను అమాయకుడేమీ కాదు. ఒక శనివారం పొద్దున వచ్చాడు. ఇంటి దగ్గరే తిని వచ్చానని గుమ్మంలోనే చెప్పాడు. ఊరి చివర మోటెల్‌లో బాత్రూం పని చేస్తున్నాడట. ఆ మోటెల్ నడిపేది ఒక ఇండియన్. ఆయన్ని అన్నీ అడిగి తెలుసుకున్నాడు.

“మ్యామ్, ఇవాళ శనివారం. రాహుకాలం పదిన్నరకి అయిపోయింది. ఇప్పుడు పదకొండు. అమావాస్య కూడా కాదు, ఆయన ఊరి లెక్కలో కూడా” అని కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

మా ఆవిడ కాగితం వంక చూసి, గోడ వంక చూసింది. గోడకి అప్పటికి చట్రం ఉంది, కిటికీ ఉంది, లోపల పీచు ఉంది. బయటి పలకలు మాత్రం లేవు. కిటికీ తెరవకుండానే చుట్టూ గాలి వస్తోంది. ఆకాశం బూడిద రంగులోకి దిగింది. వర్షానికి నాకు మందు తెలుసు గానీ మంచుకి తెలియదు.

“సరే, పెడతాను” అంది చివరికి. “కింద చారు ఉంది. పోపు పెట్టి వస్తాను.”

ఆవిడ దిగింది. మేమిద్దరం కూర్చున్నాం. అతను జేబులోంచి పెన్ను తీసి కాగితం పక్కన పెట్టాడు. నా పెన్ను. దాన్ని నేను పాత స్నేహితుణ్ణి చూసినట్టు చూశాను. అది నన్ను గుర్తుపట్టలేదు.

అప్పుడొచ్చింది ఘాటు. ఎండుమిరపకాయలు గుప్పెడు కాదు, దోసెడు వేసి ఉంటుంది. మెట్ల మీదుగా మెల్లగా, మర్యాదగా, చుట్టంలా పైకి వచ్చింది. మా ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ దాని వెనకే వచ్చింది. కూర్చుంది. పెన్ను తీసుకుంది. పెన్ను మొన కాగితానికి తగిలీ తగలకుండా ఉండగా అతను తుమ్మాడు.

అంత మనిషి తుమ్మితే ఎలా ఉంటుంది. కొత్త చట్రం అదిరింది. చట్రానికి బయట ఇంకా వేలాడుతున్న ప్లాస్టిక్ షీటు ఒక్కసారి పొట్ట బిగబట్టింది.

ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.

“ఒంటి తుమ్ము” అంది విచారంగా. “ఒక్క తుమ్ము తుమ్మితే ఏ పనీ చేయకూడదు. రెండోది వస్తే దోషం లేదు. తుమ్మండి, పెట్టేస్తాను.”

అతను న్యాయమైన మనిషి. ప్రయత్నించాడు. బల్బు వంక చూశాడు. మీసం కొస మెలిపెట్టి ముక్కులో పెట్టుకున్నాడు. నోరు తెరిచి, కళ్ళు మూసి, ఇదిగో వస్తోందన్నట్టు చేయి ఎత్తాడు. రాలేదు. తుమ్ము బంధువు లాంటిది, పిలిస్తే రాదు.

ఆ ఇంటి కోసం నేను చేసిన ఏకైక వీరకార్యం అప్పుడే జరిగింది. వచ్చింది నాకు. ముక్కు దాకా వచ్చింది. నేను తుమ్మితే అది రెండో తుమ్ము కింద లెక్కకొస్తుందో రాదో తెలియదు గానీ, అతను ఆ వాదన తెస్తే మా ఆవిడ దగ్గర జవాబుండదని మాత్రం తెలుసు. రెండు పిడికిళ్ళూ బిగించి, పళ్ళు కరిచి, ఒంట్లో ఉన్న శక్తంతా ముక్కు కింద పెట్టి ఆపాను. కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. అతను నా భుజం తట్టి, మీరు బాధపడకండి డాక్టర్ అన్నాడు.

చివరికి అతను తిరగేసిన బకెట్ మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. మీసం తడిసేదాకా నవ్వాడు.

“మ్యామ్, నిజం చెప్పండి. నన్ను వెళ్ళనిస్తారా లేదా?”

ఆవిడ నవ్వలేదు. “వెళ్ళండి. నేను ఆపను. కానీ కొబ్బరికాయ మీ చేత్తో కొట్టారు. మంచి ఘడియలో మొదలుపెట్టిన గోడని సగంలో వదిలి నీళ్ళ మీదికి పోతున్నారు. నాకేం కాదు, ఇంకో కోటు వేసుకుని వండుకుంటాను. మీరెక్కే పడవ సంగతే ఆలోచిస్తున్నా.”

అతని నవ్వు ఆగిపోయింది. “పడవకా?”

“నేనేమీ అనలేదు” అంది.

అతను చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. వాళ్ళ నాయనమ్మ అక్కడెక్కడో కనిపించి ఉంటుంది. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. పెన్ను కూడా. తరవాత ట్రక్కు దగ్గరకి వెళ్ళి పలకలు దించడం మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి రోజూ వచ్చాడు, ఎవరూ పిలవకుండా, పొద్దున్నే. మధ్యాహ్నం అయ్యేసరికి బేస్‌మెంట్ మెట్ల మీద తనే వచ్చి కూర్చునేవాడు.

నీకు పంచాంగం చూడటం ఎప్పుడొచ్చని ఆ రాత్రి మా ఆవిడని అడిగాను. తనకి రాదంది. క్యాలెండరులో ఆవిడ వేలు పెట్టి చూసింది పాలవాడి బాకీ రాసుకునే మూల అట, ఇక్కడ పాలవాడు లేకపోయినా.

గోడ పూర్తయింది. తూర్పుకి పొయ్యి కూర్చుంది. పాలు పొంగించే రోజున అతన్ని కూడా పిలిచాం. గిన్నె అంచుకి పాలు రాగానే అతను ఒక్క గెంతున ముందుకొచ్చి పొయ్యి ఆపేశాడు. కొత్త పొయ్యి పాడైపోతుందని కంగారుపడ్డాడు పాపం. రెండోసారి పొంగించేటప్పుడు అతని చేతులు రెండూ నేను పట్టుకున్నాను.

ఇక అతను బయల్దేరే పొద్దు. మా ఆవిడ ఒక స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. పెరట్లో గరాజు ముందు ట్రక్కు ఆగింది, వెనక నిండా సామాను, పైన గాలాల కర్రలు. మధ్యాహ్నానికి మంచు పడుతుందని రేడియోలో చెప్పారట, ఆలోపు ఒహాయో దాటెయ్యాలట. పని పూర్తయింది, తృప్తిగా ఉంది అన్న కాగితం మీద మా ఆవిడ ముందు రోజే సంతకం పెట్టేసింది, ఇక నేను పెడితే చాలు.

“ఒక్క సంతకం డాక్టర్. ఇంజను కూడా ఆపలేదు” అని పెన్ను చేతికిచ్చాడు.

తీసుకున్నాను. అటూ ఇటూ తిప్పి చూశాను. మూత పెట్టి నా జేబులో పెట్టుకున్నాను. గడియారం చూశాను.

“రాహుకాలం. కూర్చోండి” అన్నాను.

“ఇవాళా?”

“ఇవాళే.”

“ఎంతసేపు?”

“ఉప్మా తినేంతసేపు.”

అతను నా మొహంలోకి చూశాడు, బయటికెళ్ళి ఇంజను ఆపి వచ్చాడు. నేను అంతకుముందు ఎప్పుడూ ఉప్మా చేయలేదు. తూర్పుకి తిరిగి నిలబడి, మరిగే నీళ్ళలో రవ్వంతా ఒకేసారి పోశాను. అది ఉండలు కట్టింది. ఉండల్ని చితక్కొడితే పిల్ల ఉండలయ్యాయి. పళ్ళెంలో పెట్టాను. అతను ఒక ఉండ నోట్లో వేసుకుని, నమిలి, కాసేపాగి, మింగాడు. రాహుకాలం అయిపోయిందా అని చాలా వినయంగా అడిగాడు. ఇంకా ఉందన్నాను. గిన్నెలోనూ ఇంకా ఉంది.

అతను బిగించిన కిటికీలోంచి చూస్తే, గాలాల కర్రల మీద మొదటి మంచు పడుతోంది. గోడ చాలా గట్టిగా కట్టాడు. చలి ఇసుమంతైనా లోపలికి రావడం లేదు. పళ్ళేనికి అడ్డంగా చేయి పెట్టాడు. ఆ చేయి తప్పించి ఇంకో గరిటెడు వడ్డించాను.

“మొహమాటపడకండి” అన్నాను. ఆ మాటకి ఇంగ్లీషు నాకు తట్టలేదు. తెలుగులోనే అన్నాను.